ఇత్తడి గరాటు

బూట్ల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ పానా అని పిలిచేవారు. మిషన్లు బాగుచేసే పనిలో చేరిన నాటి నుంచి ఆమె నడుముకున్న తోలు పట్టీలో ఒక పానా వేలాడుతూనే ఉండేది. అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఆమె అత్తగారు కూడా అక్కడే, సోలు కుట్టే మిషన్ మీద పనిచేసేది. ఒకసారి ఆ మిషన్ మొరాయిస్తే దాని కిందికి దూరి, మొహమంతా గ్రీజు పులుముకుని, ఒక్క మాటైనా మాట్లాడకుండా పని ముగించుకుని వెళ్ళిపోయిన పిల్లను చూసి అత్త ముచ్చటపడింది. సిటీ బస్సు నడిపే తన కొడుకుతో, "చేతిలో పనుంది, నోటికి తాళముంది. మన ఇంటికి అలాంటి పిల్లే కావాలిరా" అంది. అలా కుదిరిన సంబంధం అది.

సోలు కుట్టడం చెయ్యి తిరిగినవాళ్ళకే ఇచ్చే పని. మిషన్ ముందుకి వంగిన ఇనుప చెయ్యి ఒకటి పొడుచుకొచ్చి ఉంటుంది. దాన్ని కొమ్ము అంటారు. బూటును బోర్లించి ఆ కొమ్ముకు తొడుగుతారు. కింద వేడి మైనం గిన్నెలో మునిగిన దారం, కొమ్ము లోపలి సన్నటి గొట్టం గుండా పైకి వచ్చి, కొమ్ము చివర తిరిగే చిన్న చక్రం కన్నంలోంచి తల బయటపెడుతుంది. పైనుంచి కొక్కెం ఉన్న సూది దిగి, సోలును పొడిచి, ఆ దారాన్ని అందుకుని పైకి లాక్కుపోతుంది. పెడల్ మీద కాలు ఆనించి, రెండు చేతులతో బూటును తిప్పుకుంటూ పోవాలి. అత్త కుట్టిన కుట్టు స్కేలు పెట్టి గీసినట్టుండేది. కొత్తవాళ్ళకి చూపించడానికి సూపర్‌వైజరు ఆవిడ కుట్టిన బూటునే తీసుకెళ్ళేవాడు. మిషన్ల హోరులో మాట వినపడదని ఆయన మెడలో ఎప్పుడూ ఒక ఈల వేలాడేసుకుని తిరిగేవాడు. అందుకని ఆయన ఈలసారు అయ్యాడు.

చిక్కల్లా దారం తెగినప్పుడే. అప్పుడు మిషన్ ఆపి, పొడవాటి సన్నటి తీగను చక్రం కన్నంలోంచి లోపలికి దూర్చి, కొమ్ము అడుగున దారాన్ని ఆ తీగ కొక్కేనికి తగిలించి పైకి లాగాలి. కన్నం ఆవగింజంత ఉంటుంది. చక్రం కాస్త పక్కకి తిరిగి ఉన్నా తీగ లోపలికి పోదు. పైగా కొమ్ము కాలుతూ ఉంటుంది. దారం తెగిందంటే ఎంత ఓపికున్నవాళ్ళైనా ఒకసారి పళ్ళు నూరుకోవాల్సిందే.

ఒకరోజు పానా పక్క మిషన్‌కి నూనె పెడుతూ, అత్త దారం ఎక్కించడం చూసింది. ఆవిడ తీగ పట్టుకుని కొమ్ము చివర పొడుస్తోంది. తీగ కన్నం దగ్గర కాదు, దానికి అంగుళం పక్కన తగులుతోంది. మళ్ళీ పొడిచింది. మళ్ళీ పక్కనే. కొమ్ము అంచు వేలికి తగిలి చురుక్కుమంటే చెయ్యి వెనక్కి లాక్కుంది. తర్వాత ఏమీ ఎరగనట్టు లేచి, అవతలి వైపు మిషన్ మీదున్న మనిషితో, "ఒరే రేడియో, నేను నీళ్ళు తాగొస్తాను గానీ ఆ దారం కాస్త ఎక్కించు" అని చెప్పి వెళ్ళిపోయింది.

రేడియో అంటే వాగుడుకాయ. పొద్దున గేటు దాటి లోపలికి వచ్చింది మొదలు సాయంత్రం గేటు దాటి బయటికి పోయేదాకా అతని నోరు మూతపడదు. "పెద్దమ్మకి దాహం ఎక్కువైపోతోందబ్బా ఈ మధ్య" అంటూ అతను లేచి, దారం ఎక్కించి, మళ్ళీ తన బూటు అందుకున్నాడు.

పానాకి ఇంట్లో సంగతులు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అత్త మెట్టు మెట్టుకీ కాలితో తడిమి దిగుతోంది. బియ్యంలో రాళ్ళు ఏరే పని, "నువ్వు చూడవే, నాకు నడుం నొప్పి" అని కోడలికి అప్పగించేసింది. వీధిలో ఎదురొచ్చినవాళ్ళు పలకరిస్తే తప్ప పలకదు. "మీ అత్తకి పొగరెక్కిందమ్మాయ్" అని పక్కింటావిడ అననే అంది.

ఆ సాయంత్రం మేడ మీద ఆరేసిన బట్టలు తీస్తున్నప్పుడు పానా అడిగింది.

"అత్తయ్యా, మీకు కనపడటం లేదు కదూ?"

అత్త దండెం మీది దుప్పటి లాగుతూ ఆగిపోయింది. "ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. నేనే చూశాను."

"ఆ బల్బు గుడ్డిది. మార్చమని ఎన్నిసార్లు చెప్పినా..."

"బల్బు పోయిన వారమే నేనే మార్చాను అత్తయ్యా."

అత్త దుప్పటిని గుండెలకి హత్తుకుని అక్కడే పిట్టగోడ మీద కూర్చుంది. తర్వాత అంది: "కుడి కన్ను ఎప్పుడో పోయిందే. ఎడమదాంట్లో ఏడాది పైగా పొగమంచు పట్టినట్టుంటోంది. కుట్టడానికి నాకు కన్నెందుకు? అంచు వేలికి తెలుస్తుంది, సూది చప్పుడుకి తెలుస్తుంది. ఆ పాడు కన్నమొక్కటే నన్ను పట్టిస్తోంది."

"డాక్టరుకి చూపిద్దాం."

"చూపిస్తే కాగితం రాసిస్తాడు. ఆ కాగితం ఫ్యాక్టరీకి పోతుంది. నన్ను తీసుకెళ్ళి లేసులు కట్టే బల్ల దగ్గర కూర్చోపెడతారు. నా ఈడువాళ్ళంతా అక్కడే ఉన్నారు చూశావుగా, పనికిరానివాళ్ళని పోసిన కుప్పలాగా. నన్నింకా కొన్నాళ్ళు అక్కడే ఉండనివ్వవే తల్లీ. వాడికి కూడా చెప్పకు. వాడు ఊరుకోడు."

"చెప్పనత్తయ్యా."

"ఎవరికీ?"

"ఎవరికీ చెప్పను" అని పానా ఆవిడ చేతిలోంచి దుప్పటి తీసుకుని మడతపెట్టింది.

ఇచ్చిన మాటతో ఆగలేదు, పానా మనసులో ఇంకొకటి కూడా అనుకుంది. అత్తను పట్టించేది ఆ కన్నమే అయితే, దాని సంగతేదో తనే చూడాలి. కంటితో పనిలేకుండా చేత్తోనే దారం ఎక్కించుకోగలిగితే ఆవిడ ఇంకెవరినీ బతిమాలుకోనక్కర్లేదు.

ముందు కొమ్ముకి పక్కన చీలిక పెడితే దారం అడ్డంగా జారిపోతుందనుకుంది. మూలపడ్డ పాత కొమ్మొకటి తీసి కోసి చూస్తే వేడికి చీలిక తెరుచుకుని మైనమంతా కారిపోయింది. తర్వాత ఆలోచన మార్చింది. చక్రం వెనక ఒక చిన్న గుంట తొలిచి, అందులో పడేలా స్ప్రింగు మీద ఒక ఉక్కు గుండు పెట్టింది. మిషన్ పక్కనున్న పెద్ద చక్రాన్ని చేత్తో తిప్పుతూ పోతే, కన్నం గొట్టానికి సరిగ్గా ఎదురొచ్చిన చోట గుండు గుంటలో పడి 'టిక్కు'మంటుంది, వేలికి తెలుస్తుంది. దాంతో సగం పని తీరింది. మిగతా సగానికి, పాడైన కొళాయి ఇత్తడిని లేతు మిషన్ మీద చెక్కి చిన్న గరాటు చేసింది. కీలు మీద తిరిగి వచ్చి కొమ్ము చివర కూర్చునే గరాటు. దాని వెడల్పాటి నోట్లో తీగ ఎక్కడ పెట్టినా జారి జారి కన్నంలోకే పోతుంది. అడుగున దారం కొసను పట్టుకుని నిలబెట్టే చిన్న బిగింపు పెట్టింది. తీగ కిందికంటా పోతే కొక్కెం దారాన్ని తానే అందుకుంటుంది.

మొదట్లో గరాటులో మైనం గడ్డకట్టి మొరాయించేది. పానా దాన్ని గీకి, లోపల అద్దంలా నునుపుచేసి, కొమ్ము వేడి తగిలేలా ఇంకాస్త దగ్గరికి జరిపింది. మధ్యాహ్నం అన్నాల వేళ అందరూ బయటికి పోయాక అత్తను కూర్చోపెట్టి ఎక్కించి చూడమనేది. ఆ ఖాళీ హాల్లో, ఆపేసిన మిషన్ల మధ్య, అత్త చక్రం తిప్పి, టిక్కుమనగానే గరాటు దించి, తీగ దూర్చి లాగింది. దారం వచ్చింది. తెంపి మళ్ళీ ఎక్కించింది. మళ్ళీ వచ్చింది.

"ఓసి నీ అసాధ్యం కూలా!" అంటూ అత్త చిన్నపిల్లలా నవ్వింది. మైనం అంటిన చేతులతోనే కోడలి బుగ్గలు పుణికింది. "ఇక ఆ రేడియోగాడి కాళ్ళు పట్టుకోనక్కర్లేదు."

ఆ రోజు పానాకి ఎంత సంతోషమేసిందంటే, సాయంత్రం ఇంటికి నడుస్తూ తనలో తానే నవ్వుకుంది. అంతవరకు బాగానే ఉంది.

కొత్త సామాను ఈలసారు కళ్ళపడకుండా ఎన్నాళ్ళుంటుంది? పడింది. ఆయన చూసి, వంగి, గరాటును వేలితో అటూ ఇటూ తిప్పి, నేరుగా వెళ్ళి మేనేజరును వెంటబెట్టుకొచ్చాడు. మేనేజరు వెనక ఆఫీసువాళ్ళు కొందరు వచ్చారు. ఈల మోగింది. వరసంతా మిషన్లు ఆపి చుట్టూ మూగింది. పానా జీవితంలో అంతమంది ఆమె చేతుల వంక చూడటం అదే మొదటిసారి.

ఆమె కళ్ళు మూసుకుని దారం ఎక్కించి చూపించింది. చప్పట్లు పడ్డాయి.

మేనేజరు మెచ్చుకుంటూనే సందేహం వెలిబుచ్చాడు. "నువ్వు చేసింది కాబట్టి నీకు అలవాటు. మిగతావాళ్ళ సంగతేంటి?"

రేడియో ముందుకు దూకి, జేబురుమాలు కళ్ళకి కట్టుకుని, కళ్ళగంతల ఆటలో దొంగలా చేతులు చాపుకుంటూ వచ్చి ఎక్కించేశాడు. అందరూ నవ్వారు. "వీడు కూడా చెయ్యి తిరిగినవాడేగా" అన్నాడు మేనేజరు ఇంకా ఒప్పుకోకుండా. "అనుభవం మీద పోతుంది చెయ్యి. అందరికీ పనికొస్తుందంటే నేనెలా నమ్మను?"

అప్పుడు పానా నోరు తెరిచింది. పగలంతా పది మాటలు మాట్లాడని మనిషి. చప్పట్లతో చెవులు వేడెక్కి ఉన్నాయి. తను చేసినదాన్ని ఈ మనిషి తక్కువ చేస్తున్నాడన్న ఉక్రోషం గొంతులోకి వచ్చింది.

"అలవాటేంటి సార్? మా అత్తయ్యకి కన్ను కనపడదు. ఏడాది పైనయింది ఆవిడ సొంతంగా దారం ఎక్కించి. ఇవాళ పొద్దుట్నుంచీ ఆవిడే ఎక్కించుకుంటోంది, అడగండి కావాలంటే!"

మాట బయటికి వచ్చాక గానీ అది ఏ మాటో ఆమెకి తెలియలేదు.

ఎవరూ నవ్వలేదు, చప్పట్లు కొట్టలేదు. అందరి తలలూ ఒక్కసారి అత్త వైపు తిరిగాయి. ఆవిడ తన మిషన్ ముందే కూర్చుని ఉంది, కొమ్ముకి సగం కుట్టిన బూటు తొడిగి ఉంది. నవ్వుతూ ఉన్న మొహం అలాగే ఉండిపోయింది, లోపల నవ్వు మాత్రం ఆరిపోయింది. మెల్లగా పెడల్ మీంచి కాలు తీసింది.

"కనపడదా?" అన్నాడు మేనేజరు. ఆయన గొంతులో కోపం లేదు, భయం ఉంది. "కనపడని మనిషిని ఆ సూది ముందు కూర్చోపెట్టావా నువ్వు?" అని ఈలసారు మీదికి తిరిగాడు. ఈలసారు మొహం పాలిపోయింది. "నాకు తెలీదు సార్" అన్నాడు.

ఆ సాయంత్రానికే అత్తను లేసుల బల్ల దగ్గరికి మార్చారు. ఎవరూ దురుసుగా మాట్లాడలేదు. ఈలసారు స్వయంగా ఆవిడ కూర్చునే మెత్తను తీసుకెళ్ళి అక్కడ వేశాడు. "పెద్దమ్మా, రేపు చెయ్యి సూది కిందికి పోతే నేను ఏం సమాధానం చెప్పను? మీరే ఆలోచించండి" అన్నాడు. అత్త తల ఊపింది. మేనేజరు పానా గరాటును వరసలోని మిషన్లన్నిటికీ పెట్టమని చెప్పి వెళ్ళాడు.

ఇంటికి ఇద్దరూ ఎప్పట్లాగే కలిసి నడిచారు. దారిలో పానా, "అత్తయ్యా, నేను..." అని మొదలుపెట్టింది. అత్త అడుగు వేగం పెంచింది. పేవ్‌మెంటు అంచు కనపడక తూలి పడబోతే పానా రెక్క పట్టుకుంది. అత్త ఆ చేతిని విదిలించలేదు. నిలదొక్కుకునేదాకా ఆగి, మర్యాదగా విడిపించుకుంది. విదిలించి కొట్టినా బాగుండేదనిపించింది పానాకి.

విషయం తెలిసి మొగుడు ఇద్దరి మీదా కేకలేశాడు. "ఇంట్లో ముగ్గురం. అందులో ఇద్దరికి తెలుసు, నాకు తెలీదు. ఊరంతటికీ తెలిసింది, అప్పటికీ నాకు తెలీదు!" ఆ రోజు నుంచి అత్త కోడలితో నేరుగా మాట్లాడటం మానేసింది. తిట్టలేదు, అలగలేదు, పని మానలేదు. చెప్పాల్సిందేదైనా కొడుకుతో చెప్పేది. "ఒరే, ఆవిణ్ణి అన్నం తినమను." "ఒరే, ఆవిడకి ఆలస్యమవుతోందేమో అడుగు." నిన్నటిదాకా 'ఏమే', 'తల్లీ', 'నీ అసాధ్యం కూలా' అన్న నోటితో ఇప్పుడు 'ఆవిడ'.

ఫ్యాక్టరీలో ఇంకా నరకంగా ఉండేది. ఒక్కొక్క మిషన్‌కే గరాటు బిగించుకుంటూ పోవాలి. బిగించిన చోటల్లా మెచ్చుకునేవారు. "చేతులు కాలకుండా చేశావమ్మా, నీ చేతులు చల్లగుండ!" అనేవారు. ఆ మాట వింటుంటే ఆమెకి ఎక్కడైనా దాక్కోవాలనిపించేది. తల తిప్పితే హాలు చివర కిటికీ కింద లేసుల బల్ల. అక్కడ అత్త బూటు ఒళ్ళో పెట్టుకుని, లేసు కొసను వేళ్ళతో తడుముకుంటూ కన్నాల్లోకి దూరుస్తూ కనపడేది. పక్కవాళ్ళు కబుర్లు చెప్పుకుంటుంటే ఆవిడ వాటిలో చేరేది కాదు.

ఉండబట్టలేక ఒకరోజు పానా ఈలసారు దగ్గరికి వెళ్ళింది. "సార్, ఆ రోజు నేను పొంగిపోయి ఏదో అనేశాను. మా అత్తయ్యకి మరీ అంత కనపడకుండా ఏమీ లేదు. కాస్త చూపు తగ్గింది, అంతే. ఆవిణ్ణి మళ్ళీ మిషన్ మీదికి పంపండి."

ఈలసారు ఆమె మొహంలోకి చూశాడు. ఆయనకీ నమ్మాలనే ఉంది. అత్త పోయాక ఆ మిషన్ మీద కుట్టు వంకర్లు పోతోంది. "నిజమేనా?"

"నిజం సార్."

"అయితే గరాటు పెట్టని మిషన్ ఇంకా ఒకటుందిగా. దాని మీద ఒక్కసారి దారం ఎక్కించమను. నా కళ్ళతో చూస్తే నేనే వెళ్ళి మేనేజరుతో మాట్లాడతాను."

పానా వద్దని చెప్పే లోపే ఆయన ఈల వేసి, అత్తను పిలిపించాడు. అత్త వచ్చింది. ఈలసారు విషయం చెప్పాడు: "మీ కోడలు అంటోంది, మీకు బాగానే కనపడుతుందట." అత్త ఒక్కసారి కోడలు నిలబడ్డ వైపు మొహం తిప్పింది. తర్వాత స్టూలు మీద కూర్చుని తీగ అందుకుంది.

చుట్టుపక్కల మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. తీగ కొమ్ము అంచుకి తగిలింది. మళ్ళీ తగిలింది. అత్త ఎడమ చేతి వేలితో కన్నం ఎక్కడుందో తడిమి, కాలుతుంటే ఓర్చుకుని, ఆ వేలి పక్కనుంచి దూర్చబోయింది. తీగ జారి పక్కకి పోయింది. రేడియో పెద్దగా దగ్గుతూ, "సార్, ఆ మిషన్ చక్రం ఎప్పుడూ సరిగా ఉండదు సార్, నాకే ఎక్కదు దాని మీద" అన్నాడు. పానా కళ్ళు నేలకి అంటుకుపోయాయి.

చివరికి అత్త తీగను నెమ్మదిగా పనిముట్ల పళ్ళెంలో పెట్టేసింది.

"నాకు కనపడదు సార్. మా కోడలు మొదట చెప్పిందే నిజం. ఇప్పుడు చెప్పింది నా మీద జాలికొద్దీ చెప్పింది. దాన్నేమీ అనకండి." లేచి, స్టూలు సరిగా జరిపి, గోడవారగా నడుచుకుంటూ తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

పానా వెనక సామాన్ల గదిలోకి పోయి, తోలు కట్టల మధ్య కూర్చుని ఏడ్చింది. ఒకసారి పదిమందిలో నిలబెట్టింది చాలదని రెండోసారి కూడా నిలబెట్టింది. అదీ అడగకుండా. అలా నిలబెట్టినా ఆవిడ తననే కాపాడి వెళ్ళింది.

వెతుక్కుంటూ రేడియో వచ్చాడు. గుమ్మంలో నిలబడి, "లే అమ్మాయ్, మొహం కడుక్కో" అన్నాడు.

"అన్నా, నీకు తెలుసా ముందే?"

"తెలీకేం? ఏడాది పైగా నేనేగా ఎక్కించింది. ఒక మనిషికి అన్నిసార్లు దాహమేస్తుందా?"

"మరి నువ్వెవరికీ చెప్పలేదు!"

రేడియో ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "నేను వాగుడుకాయనే. పక్కింట్లో ఏ కూరో కూడా చెప్తాను. కానీ ఇది చెప్పే కబురు కాదుగా." ఆమె మొహం చూసి వెంటనే, "నిన్ను అనట్లేదమ్మా. నీకు నోరు వాడే అలవాటు లేదు, అందుకని జారింది" అన్నాడు. ఓదార్చడానికే అన్నాడు. ఆ ఓదార్పు ఆమెకి సూదిలా దిగింది. ఫ్యాక్టరీ అంతటికీ నోటి దురద మనిషిగా పేరుపడ్డవాడు కడుపులో దాచుకున్న మాటను, నోటికి తాళమున్న పిల్ల అని ఏరికోరి తెచ్చుకున్న కోడలు నలుగురిలో పారేసింది.

ఆ వారంలో కొడుకు తల్లిని కంటి ఆసుపత్రికి తీసుకెళ్తానన్నాడు. తీరా ఆ రోజు అతని బదులు బస్సు తీసేవాడికి జ్వరమొచ్చింది. పానా సెలవు పెట్టి తీసుకెళ్ళింది. నర్సు కంట్లో మందు వేసి, కంటిపాప పెద్దదయ్యేదాకా కళ్ళు మూసుకుని కూర్చోమంది. ఆ తర్వాత డాక్టరమ్మ చాలాసేపు చూసింది. కుడి కంట్లో ఒత్తిడి పెరిగే నీటికాసుల జబ్బు వచ్చి నరం పాడైపోయింది, పోయిన చూపు రాదంది. ఎడమ కంట్లో శుక్లం ఉంది, ఆపరేషన్ చేస్తే తీరుతుంది. కానీ దాంట్లో కూడా నీటికాసులు మొదలయ్యాయి. రోజూ చుక్కలు వేసుకుంటే అక్కడితో ఆపొచ్చు.

"ఇంకొన్నాళ్ళు ఆలస్యం చేసుంటే ఇది కూడా పోయేది" అంది డాక్టరమ్మ. "ఇప్పుడైనా వచ్చారు, అదృష్టవంతులు."

ఆపరేషన్ తారీఖు ఇచ్చే గది ముందు బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. కారిడార్‌లో కళ్ళకి పచ్చ గుడ్డ కట్టుకున్నవాళ్ళు, వాళ్ళ చేతులు పట్టుకున్నవాళ్ళు వస్తూ పోతున్నారు. మందు ప్రభావానికి అత్త వెలుతురు చూడలేక కళ్ళు చికిలించుకుని ఉంది. అంతలో పానా ఫోను మోగింది. మొగుడు. సంగతంతా విని, ఫోన్లో అందరికీ వినపడేంత గట్టిగా, "చూశావా, నువ్వా మాట అనబట్టే అమ్మ కన్ను దక్కింది. ఇక ఏడవటం ఆపు!" అన్నాడు.

ఫోను పెట్టేశాక అత్త మాట్లాడింది. చాలా రోజుల తర్వాత నేరుగా.

"వాడన్నది విన్నావుగా."

"విన్నానత్తయ్యా."

"నువ్వూ అలాగే అనుకుంటున్నావా?"

పానా ఫోనును సంచిలో పెట్టేసింది.

"ఒకటడుగుతాను. నా కన్ను కోసమే అన్నావా ఆ మాట?"

అవునంటే అయిపోయేది. మొగుడు తలుపు తెరిచి పెట్టాడు, అందులోంచి నడిచి వెళ్ళిపోవడమే. పానా తన గోళ్ళలోకి చూసుకుంది. వాటిలో నల్లటి నూనె ఎంత కడిగినా పోదు.

"కాదత్తయ్యా."

"మరి?"

"నేను చేసింది ఎంత గొప్పదో ఆయనకి తెలియాలని అన్నాను. ఆ క్షణంలో మీరు నాకు గుర్తులేరు. మీకోసమే చేశాను, మిమ్మల్నే మర్చిపోయాను."

గదిలోంచి ఎవరినో పిలిచారు. వీళ్ళ పిలుపు కాదు.

"నాకూ అలాగే అనిపించింది" అంది అత్త. "నా కన్ను కోసం అన్నానని చెప్పుంటే, లేచి ఒక్కదాన్నే ఇంటికి పోయేదాన్ని."

'మీకు బస్సు నంబరు కనపడదుగా' అన్న మాట పానా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"కన్ను దక్కడం వేరు, నువ్వన్నది వేరు" అంది అత్త. "దీన్ని తెచ్చి దానికి చెల్లు వెయ్యకు. నాకు కోపం పోయినప్పుడు పోతుంది. ఈలోగా ఆకలేస్తోంది. ఇక్కడ తినడానికి ఏమన్నా దొరుకుతుందేమో చూసిరా, పో."

పానా లేచి వెళ్ళింది. రెండు బన్నులు, టీ పట్టుకొచ్చింది. టీ గ్లాసు అత్త చేతికి అందించి, ఆవిడ వేళ్ళు గట్టిగా పట్టుకునేదాకా వదల్లేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పిన పొద్దున అత్త మంచం మీద కూర్చుని గోడను, కిటికీని, కొడుకు చొక్కా బొత్తాలను వరసగా చూసింది. తర్వాత కోడలి మొహం దగ్గరికి లాక్కుని చూసింది.

"ఇదేంటే, ఇలా చిక్కిపోయావు? ఎప్పట్నుంచి?"

"నిన్నా మొన్నా కాదు అమ్మా, నువ్వు చూడక చాలా రోజులైందిగా" అని కొడుకు నవ్వాడు. పానా నవ్వలేకపోయింది.

మేనేజరు మాత్రం ఒప్పుకోలేదు. ఒంటి కన్నుతో సూది ఎంత దూరంలో ఉందో అంచనా తెలియదని, అది రూలని చెప్పాడు. ఈలసారు రెండుసార్లు అడిగి చూశాడు, లాభం లేకపోయింది. అత్త లేసుల బల్ల దగ్గరే ఉండిపోయింది. కాకపోతే ఇప్పుడు కబుర్లలో చేరుతోంది. కొత్తగా సోలు కుట్టడానికి వచ్చినవాళ్ళు కుట్టు వంకరపోతే బూటు పట్టుకుని ఆవిడ దగ్గరికే పరిగెత్తుకొస్తున్నారు. "కాలితో తొందరపడకు, చేత్తో వెనక లాగకు, అది పోయే దారి దాన్ని పోనీ" అని చెప్పి పంపిస్తుంది. వాళ్ళు వెళ్ళాక ఒక్కోసారి తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఆ వరస వైపు చూస్తూ ఉండిపోతుంది. పానా దూరం నుంచి అది చూసినప్పుడల్లా చేస్తున్న పని ఆపేస్తుంది, మళ్ళీ మొదలుపెట్టడానికి ఆమెకి కాస్త సమయం పడుతుంది. ఇంట్లో మాటలు మామూలైపోయాయి, 'ఏమే' వచ్చింది. ఆ రోజు సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

వానాకాలం మొదట్లో అత్త కోడలికి ఒక లేసు తెచ్చి చూపించింది. కొసన బిగించే ప్లాస్టిక్ తొడుగు ఊడిపోయి, దారాలు పీచుపీచుగా విడిపోయి ఉంది.

"ఇది చూడు. పొద్దుట్నుంచీ ఇలాంటివే వస్తున్నాయి. ఉమ్ము రాసి దూర్చలేక మా వాళ్ళ ప్రాణం పోతోంది. దీనికేదన్నా చెయ్యగలవా?"

పానా లేసు కొసను వేళ్ళ మధ్య నలిపి చూసింది. చెయ్యొచ్చు. ఎలాగో కూడా కొంచెం తోచింది.

"మీ బల్ల దగ్గరకొచ్చి కూర్చుంటాను అత్తయ్యా. మీ అందర్నీ ముందు అడగాలి."

"రా మరి" అంది అత్త. "మధ్యాహ్నం రా. వచ్చేటప్పుడు ఆ చేతులు కడుక్కుని రా. తెల్ల లేసులు అవి."